చుక్కలు చూసే కంటికి రబ్బరు దొప్ప

పిల్లలూ! సెలవునాడు మూసివున్న మీ బడి గదిలోకి కిటికీ అద్దంలోంచి ఎప్పుడైనా తొంగి చూశారా? మిట్టమధ్యాహ్నం చూస్తే అద్దంలో మీ మొహమే కనిపిస్తుంది. వెనక వున్న వేపచెట్టు కనిపిస్తుంది. లోపల బల్లలూ, నల్లబల్లా మాత్రం కనిపించవు. అప్పుడు మీరేం చేస్తారు? రెండు అరచేతులూ కళ్లకు చెరోపక్కా అడ్డం పెట్టి, మొహాన్ని అద్దానికి ఆనిస్తారు. వెంటనే లోపలి సామానంతా కనిపిస్తుంది. గదిలోకి కొత్తగా వెలుగేమీ రాలేదు. మీ కంట్లో పడుతున్న అనవసరపు వెలుగును మీ చేతులు ఆపాయి, అంతే.

టెలిస్కోపులో చుక్కలను చూసేవాళ్లు చేసే పని కూడా ఇదే. కాని వాళ్ల చేతులకు వేరే పని వుంటుంది. టెలిస్కోపును మెల్లగా తిప్పుతూ వుండాలి, మర తిప్పి బొమ్మను స్పష్టం చేసుకోవాలి. అందుచేత చేతులకు బదులు, కన్ను పెట్టే చోట మెత్తని రబ్బరు అంచు ఒకటి అమర్చుతారు. దీనిని ఐగార్డు అంటారు. ఐకప్ అనేవాళ్లూ వున్నారు. మనం దీన్ని రబ్బరు దొప్ప అందాం. మోదుగాకు దొప్ప పులుసును పక్కకు పోనివ్వదు; ఈ దొప్ప పక్క వెలుగును లోపలికి రానివ్వదు.

కొన్ని చవక టెలిస్కోపులకు ఈ దొప్ప వుండనే వుండదు. వున్నవాటికి కూడా కొన్ని ఏళ్లకు రబ్బరు పెళుసెక్కి వూడిపోతుంది. సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో బజారంతా తిరిగి ఐగార్డు కావాలని అడిగితే, దుకాణదారు మిమ్మల్ని వింతగా చూస్తాడు. కాని ఈ మూడు ఊళ్లలోనూ పంచరు షాపు లేని వీధి వుండదు గదా! మనకు కావలసింది అక్కడే వున్నది.

ఇంత చిన్న రబ్బరు ముక్క అంత అవసరమా?

అవసరమే. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

మన కంటి నడుమ వున్న నల్లని రంధ్రాన్ని కంటిపాప అంటాము. పగటి ఎండలో అది రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పుకు ముడుచుకుంటుంది. చీకట్లో పిల్లలకు సుమారు 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. ఇక టెలిస్కోపు సంగతి చూడండి. ఆకాశం వైపు వుండే పెద్ద కటకాన్ని వస్తుకటకం అంటారు. కన్ను పెట్టే చోట వుండే చిన్న కటకాల గొట్టాన్ని ఐపీసు అంటారు. వస్తుకటకం వెడల్పు 60 మిల్లీమీటర్లు, దాని నాభ్యంతరం 700 మిల్లీమీటర్లు అనుకుందాం. దానికి 25 మిల్లీమీటర్ల ఐపీసు పెడితే 700ను 25తో భాగించగా 28 వస్తుంది. అంటే వస్తువులు 28 రెట్లు పెద్దవిగా కనిపిస్తాయన్నమాట. ఇప్పుడు 60ని 28తో భాగించండి. రెండు పైచిలుకు వస్తుంది. ఐపీసులోంచి బయటికి వచ్చే వెలుగు కిరణం వెడల్పు ఈ రెండు మిల్లీమీటర్లే!

విచ్చుకున్న కంటిపాప వెడల్పు 7, లోపలికి వచ్చే చుక్కల వెలుగు వెడల్పు 2. వైశాల్యాలు పోల్చి చూస్తే కంటిపాప ఆ కిరణం కన్న పన్నెండు రెట్లు పెద్దది. అంటే పన్నెండు వంతుల తలుపులో ఒక్క వంతు నుంచే చుక్కల వెలుగు వస్తున్నది. మిగిలిన పదకొండు వంతులూ వీధిదీపానికీ, పక్కింటి వరండా బల్బుకీ, హైదరాబాదు–విజయవాడ రహదారి మీద పోయే లారీల దీపాలకీ తెరిచివున్నాయి. ఆ దొంగ వెలుగు నేరుగా కంట్లో దూరుతుంది. చాలదన్నట్టు ఐపీసు అద్దం మీద పడి, అక్కణ్నుంచి తిరిగి కంట్లోకి వస్తుంది. ఆకాశం నల్లగా వుండవలసిన చోట బూడిదరంగుగా కనిపిస్తుంది. చంద్రుడు, గురుడు కాంతిమంతులు కాబట్టి ఎలాగో కనిపిస్తారు. ఆండ్రోమెడా నక్షత్రవీధి వంటి పలుచని వెలుగు మాత్రం ఆ బూడిదలో కలిసిపోతుంది.

మొదటిసారి టెలిస్కోపు దగ్గరికి వచ్చిన పిల్లవాడికి ఇలా జరిగిందనుకోండి. వాడు ఒక్క నిమిషం చూసి, ఇందులో ఏమీ లేదని వెళ్లిపోతాడు. మళ్లీ రమ్మంటే రాడు. చుక్కలు అక్కడే వున్నాయి, టెలిస్కోపు మంచిదే, కంటికి అడ్డం మాత్రం లేకపోయింది.

పెద్ద పెద్దవాళ్లూ ముసుగు వేసుకున్నారు

1781లో యురేనస్ గ్రహాన్ని కనిపెట్టిన విలియం హెర్షెల్ ఈ సంగతి బాగా ఎరిగినవాడు. ఆయన తలమీది నుంచి నల్లని ముసుగు కప్పుకుని టెలిస్కోపులో చూసేవాడు. చీకటికి అలవాటుపడిన ఆయన కంటికి, సిరియస్ నక్షత్రం టెలిస్కోపులోకి రాబోయే ముందే తూర్పు తెల్లవారుతున్నట్టు వెలుగు కనిపించేదట!

మన తెలుగుదేశంలో కూడా చాలా కాలంగా టెలిస్కోపులు వున్నాయి. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావుగారు 1840లో తన ఇంటి వద్ద ఒక వేధశాల కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఆ పని సాగించి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని పరిశీలించారు. హైదరాబాదులో నవాబు జఫర్ జంగు 1901లో స్థాపించిన వేధశాలకు నిజామియా వేధశాల అని పేరు వచ్చింది. అక్కడ 15 అంగుళాల టెలిస్కోపు వుండేది. ఆ వేధశాలలో పనిచేసే ఒక ఉద్యోగి కొడుకు చిన్నతనం నుంచీ చుక్కలు చూస్తూ పెరిగాడు. 1949లో ఒక కొత్త తోకచుక్కను కనిపెట్టినవాళ్లలో అతనొకడు. అతనే వైనుబప్పు. తమిళనాడులోని కావలూరులో వున్న 2.34 మీటర్ల పెద్ద టెలిస్కోపుకు ఇప్పుడు ఆయన పేరే వున్నది. చిన్నప్పుడు ఐపీసులో చూసిన చూపు ఎంత దూరం తీసుకుపోతుందో చూశారా!

ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది?

సూర్యాపేటలో సైకిలు షాపుకు వెళ్లి, ఇక పంచరు వేయడానికి పనికిరాని పాత ట్యూబు అడగండి. మూరెడు ముక్క చాలు. వాల్వు వున్న చోటూ, అతుకులు వున్న చోటూ వద్దు. నునుపైన భాగం చూసి కోయించుకోండి.

కోదాడ రహదారి పక్కన లారీ టైర్ల షాపులు వుంటాయి. లారీ ట్యూబు మందం ఎక్కువ, చుట్టుకొలత మరీ ఎక్కువ. అది దొప్పగా పనికిరాదు. కాని బల్లపరుపుగా కోస్తే మంచి వాషర్లు అవుతాయి. ఐపీసు సన్నగా వుండి సైకిలు ట్యూబు వదులైతే, ముందు లారీ ట్యూబు పట్టీ ఒక చుట్టు చుట్టి, దాని మీద దొప్ప తొడగవచ్చు.

మిర్యాలగూడలో రైసు మిల్లులు చాలా వున్నాయి. వడ్ల పొట్టు తీసే రబ్బరు రోళ్లు అరిగిపోయాక మార్చేస్తారు. రబ్బరు గదా అని వాటి జోలికి పోకండి. వడ్లను నలిపే రబ్బరు గట్టిగా వుంటుంది. కంటి చుట్టూ ఆనించే రబ్బరు మెత్తగా వుండాలి. దానికి బదులు దర్జీ దగ్గరికి వెళ్లి, కత్తిరించగా మిగిలిన నల్ల మఖమలు ముక్కలు అడగండి. రబ్బరు తగిలితే చర్మం దురదపెట్టే పిల్లలకు ఆ మఖమలు చాలా అక్కరకు వస్తుంది.

ట్యూబు నల్లగా ఎందుకుంటుందో తెలుసా? రబ్బరు సహజంగా నల్లనిది కాదు. గట్టిదనం కోసం అందులో కార్బన్ బ్లాక్ అనే మెత్తని మసి కలుపుతారు. దీపం మీద పట్టిన కాటుకకు ఇది చుట్టమే. మసి వెలుగును మింగేస్తుంది. రబ్బరుకు బలం కోసం కలిపిన మసి మనకు మరోవిధంగా పనికివచ్చిందన్నమాట.

దొప్ప చేసే విధం

మొదట ఐపీసు పై భాగం చుట్టూ సన్నని కాగితం పట్టీ చుట్టి, కలిసిన చోట పెన్సిలుతో గీత పెట్టండి. పట్టీని విప్పి స్కేలుతో కొలవండి. ఐపీసు వెడల్పు 32 మిల్లీమీటర్లు అయితే చుట్టుకొలత సుమారు 100 మిల్లీమీటర్లు వస్తుంది. తర్వాత ట్యూబును బల్ల మీద చదునుగా పరిచి వెడల్పు కొలవండి. ట్యూబుకు పైపొర, కింది పొర రెండూ వున్నాయి గదా! అందుచేత ఆ కొలతను రెండుతో హెచ్చించాలి. ట్యూబు వెడల్పు 45 అయితే చుట్టుకొలత 90 అన్నమాట. ఐపీసు చుట్టుకొలత కన్న ట్యూబుది పదో వంతు తక్కువ వుంటే పట్టు చక్కగా కుదురుతుంది. సరిసమానంగా వుంటే జారిపోతుంది. మరీ తక్కువ వుంటే తొడిగేటప్పుడు చిరిగిపోతుంది.

పెద్దవాళ్లను దగ్గర వుంచుకుని, పెద్ద కత్తెరతో 5 సెంటీమీటర్ల పొడవున ముక్క కోయండి. కోసేటప్పుడు లోపలి నుంచి తెల్లని పొడి రాలుతుంది. ట్యూబు పొరలు ఒకదానికొకటి అంటుకోకుండా చల్లిన పొడి అది. దాన్ని అలాగే వదిలేస్తే అదంతా ఐపీసు అద్దం మీద పడుతుంది. కాబట్టి ముక్కను తిరగవేసి, సబ్బునీళ్లతో రెండుమూడు సార్లు కడిగి, నీడలో ఆరబెట్టండి. ఎండలో పెట్టకండి. ఎండకు రబ్బరు చెడిపోతుంది.

పంచరు వేసేవాడు ట్యూబును ఆకురాయితో గీకడం మీరు చూసే వుంటారు. మీరూ దొప్ప లోపలి వైపును గరుకు కాగితంతో కాస్త రుద్దండి. నున్నటి రబ్బరు ఎంత నల్లగా వున్నా ఏటవాలుగా పడిన వెలుగు దాని మీద మెరుస్తుంది. గరుకుగా వుంటే మెరవదు. రుద్దిన తర్వాత మళ్లీ కడగండి.

ఇప్పుడు ముక్కను ఐపీసు పైన తొడగండి. కింది ఒకటిన్నర సెంటీమీటరు ఐపీసును పట్టుకుని వుండాలి. మిగిలింది అద్దం పైకి లేచి నిలబడుతుంది. జిగురు రాయకండి. జిగురు ఆవిరి అద్దానికి మంచిది కాదు. అంటించే టేపు కూడా వద్దు. మన వైపు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి టేపు జిగురు కరిగి, ఐపీసంతా బంక బంక అవుతుంది. రబ్బరు పట్టే చాలు.

ఎంత ఎత్తు వుండాలి?

అన్నిటికన్న ముఖ్యమైన సంగతి ఇది. కన్ను ఐపీసుకు ఒక కచ్చితమైన దూరంలో వుంటేనే బొమ్మంతా కనిపిస్తుంది. ఈ దూరాన్ని కంటి ఎడం అందాము. దీన్ని మీరే కనుక్కోవచ్చు. సూర్యుడు పూర్తిగా అస్తమించిన తర్వాత, ఆకాశం ఇంకా తెల్లగా వుండగా, దొప్ప తీసేసి, టెలిస్కోపును ఆకాశం వైపు తిప్పండి. ఐపీసు వెనక తెల్లకాగితం పట్టి, ముందుకూ వెనక్కూ జరపండి. కాగితం మీద గుండ్రని వెలుగుచుక్క కనిపిస్తుంది. అది ఎక్కడ చిన్నదిగా, అంచులు స్పష్టంగా వుంటుందో అక్కడ ఆపి, అద్దం నుంచి కాగితం దాకా కొలవండి. అదే కంటి ఎడం. వెలుగుచుక్క వెడల్పు కూడా కొలిచి చూడండి. ఇందాక మనం లెక్కవేసిన రెండు మిల్లీమీటర్లు అదే!

ప్లాసెల్ అనే రకం ఐపీసులో కంటి ఎడం నాభ్యంతరంలో సుమారు 70 శాతం వుంటుంది. 25 మిల్లీమీటర్ల ఐపీసుకు 17 దాకా, 10 మిల్లీమీటర్ల దానికి 7 మాత్రమే. అందుచేత ఒకే దొప్ప అన్నిటికీ పనికిరాదు. ఒక్కొక్క ఐపీసుకు ఒక్కొక్క దొప్ప చేసుకోవాలి. మన కన్ను గుంటలో వుంటుంది, కనుబొమ ఎముక ముందుకు వుంటుంది. కాబట్టి దొప్ప ఎత్తును లెక్కతో తేల్చలేము, చూసి తేల్చాలి. ముందు ఎత్తుగానే వుంచండి. చూసినప్పుడు గుండ్రని దృశ్యం అంచు కనిపించకపోతే కన్ను దూరంగా వున్నదన్నమాట. 2 మిల్లీమీటర్లు కత్తిరించి మళ్లీ చూడండి. అలా కొంచెం కొంచెంగా తగ్గించండి. చిక్కుడు గింజల్లాంటి నల్లని నీడలు అటూ ఇటూ కదిలితే కన్ను మరీ దగ్గరికి వచ్చిందని అర్థం. కత్తిరించిన రబ్బరు తిరిగి రాదు, తొందరపడకండి.

ముక్కు అడ్డం వస్తే ఆ వైపు కాస్త ఏటవాలుగా కోయండి. కణత వైపు ఎత్తుగా వుండనివ్వండి. పక్క వెలుగు ఎక్కువగా వచ్చేది కణత వైపు నుంచే. కుడికంటితో చూసేవారు ఒకలా, ఎడమకంటితో చూసేవారు ఒకలా దొప్పను తిప్పుకుంటే సరిపోతుంది.

కళ్లజోడు పెట్టుకునే పిల్లలు దిగులుపడనక్కరలేదు. హ్రస్వదృష్టి గానీ, దీర్ఘదృష్టి గానీ వున్నవారు కళ్లజోడు తీసేసి, మర తిప్పుకుని బొమ్మను స్పష్టం చేసుకోవచ్చు. ఆస్టిగ్మాటిజం బాగా వున్నవారు మాత్రం కళ్లజోడుతోనే చూడాలి. అప్పుడు దొప్పను పంట్లాం అంచు మడిచినట్టు కిందికి మడవండి. రబ్బరు అంచు అద్దాలను గీకకుండా కూడా కాపాడుతుంది.

ఈ మూడు మాటలూ మరవకండి

ఒకటి: టెలిస్కోపుతో సూర్యుణ్ని ఎన్నడూ చూడకూడదు. మామూలు కటకంతో కాగితం కాల్చిన ఆట మీకు తెలుసు గదా! టెలిస్కోపు అంతకన్న పెద్ద కటకం. కంటి వెనక వున్న రెటీనా అనే పొరకు నొప్పి తెలియదు. అది కాలిపోతున్నా మీకు తెలియదు. తెలిసేసరికి చూపు పోయి వుంటుంది. దొప్ప వుంటే కన్ను సరిగ్గా కిరణం దారిలోనే వుంటుంది కాబట్టి ప్రమాదం మరీ ఎక్కువ. కొన్ని చవక టెలిస్కోపులతో పాటు ఐపీసుకు బిగించే నల్లని చిన్న అద్దం ఇస్తారు, సూర్యుణ్ని చూడవచ్చునంటారు. ఆ అద్దం వేడికి పగిలిపోవచ్చు. దాన్ని వెంటనే పగలగొట్టి పారవేయండి. పగటిపూట టెలిస్కోపుకు మూత పెట్టి వుంచాలి.

సూర్యుణ్ని చూడడమే తప్పని దీని అర్థం కాదు. చూసే పద్ధతి వేరు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ అప్పటి నల్లగొండ జిల్లా మీదుగానే పోయింది. ఆనాడు సూర్యాపేటలో పట్టపగలు సుమారు రెండు నిమిషాలు చీకటిపడింది. ఆ గ్రహణాన్ని హైదరాబాదుకు ఆగ్నేయాన వున్న జపాల్–రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు తగిన పరికరాలతో పరిశీలించారు. మీ తాతగారినీ, నాయనమ్మనూ అడిగి చూడండి. ఆ రోజు వాళ్లు బయటికి వచ్చారో, తలుపులు వేసుకుని కూర్చున్నారో చెబుతారు.

రెండు: కళ్లకలక వచ్చినవాళ్లు తగ్గేదాకా టెలిస్కోపు దగ్గరికి రాకూడదు. బడిలో నలభైమంది వరసగా చూస్తే నలభై కళ్లూ ఒకే రబ్బరుకు ఆనుతాయి. కలక ఒకరి నుంచి ఒకరికి అలాగే అంటుకుంటుంది. ఒక్కొక్కరు చూసిన తర్వాత దొప్ప అంచును స్పిరిటులో తడిపిన దూదితో తుడవండి. స్పిరిటు ఆరేదాకా ఆగి తర్వాతివారిని పిలవండి. ఐపీసు అద్దాన్ని మాత్రం ఆ దూదితో ముట్టుకోవద్దు. మన ట్యూబు దొప్పలో ఒక సౌకర్యం వున్నది: ఎవరికి వారు ఒకటి చేసుకుని జేబులో తెచ్చుకోవచ్చు!

మూడు: కన్ను చీకటికి అలవాటుపడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఇంతలో ఒకరు సెల్‌ఫోను వెలిగిస్తే ఆ అరగంటా వృథా అయినట్టే. దారి చూసుకోవడానికి టార్చిలైటుకు ఎర్ర కాగితం చుట్టండి. మసక ఎర్ర వెలుగు చీకటిచూపును అంతగా చెడగొట్టదు.

అమ్మానాన్నలకు ఒక మాట. పిల్లలు రాత్రిపూట మేడ ఎక్కుతామంటే కాదనకండి; మీరూ వెంట వెళ్లండి. ఇంటి బయటి దీపం ఒక గంట ఆర్పివేయండి. ఊరి దీపాలు మరీ ఎక్కువైతే ఎప్పుడైనా ఊరి బయట పొలం గట్టుకు తీసుకుపోండి.

పిల్లలూ, మొదటి రాత్రికి అష్టమి నాటి చంద్రుణ్ని ఎంచుకోండి. నిండు పున్నమి వద్దు. ఆ రోజు చంద్రుడి మీద నీడలుండవు, గుంటలు తెలియవు. సగం చంద్రుడిలో వెలుగూ చీకటీ కలిసే గీత వెంట గుంటలు బాగా కనిపిస్తాయి. తర్వాత చంద్రుడు లేని రాత్రి చూసి, చలికాలమైతే పిల్లలకోడి వైపు టెలిస్కోపు తిప్పండి. వట్టి కంటికి ఆరేడు చుక్కలుగా కనిపించే ఆ గుంపులో ఎన్ని చుక్కలున్నాయో ముందు దొప్ప లేకుండా లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. తర్వాత దొప్ప తొడిగి మళ్లీ లెక్కపెట్టండి. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే, పారవేసిన ట్యూబు ముక్క ఎన్ని చుక్కల విలువ చేసిందో మీకే తెలుస్తుంది.